రెండు కుర్చీల బడి

కటింగ్ పని నేర్చుకోవాలనుకునే పేదింటి పిల్లలకు అందుబాటులో ఉన్న గురువు ఊళ్లోని చిన్న సెలూన్ యజమానే. చట్టానికి మాత్రం ఆయన కనిపించడం లేదు.

పది పాసయ్యాడు. ఇంటర్‌కు పోనంటున్నాడు. కటింగ్ పని నేర్చుకుంటానంటున్నాడు. సంగారెడ్డి జిల్లా ఝరాసంగం మండలంలో ఏ ఊళ్లోనైనా, ఏ ఇంట్లోనైనా ఈ మాట వినపడిందంటే వెంటనే వచ్చే ప్రశ్నలు రెండే. నేర్పేదెవరు? ఎంతవుతుంది?

ఫోన్‌లో వెతికితే ముందుగా ఎదురయ్యేవి హైదరాబాద్ అకాడమీలే. జావేద్ హబీబ్, లాక్మే, నేచురల్స్ లాంటి పెద్ద పేర్లు, నిలువెత్తు అద్దాలు, నల్ల ఏప్రాన్లు వేసుకున్న కుర్రాళ్లు. చిన్న కోర్సుకు ఫీజు వేలల్లో ఉంటుంది. పూర్తి డిప్లొమా అంటే లక్షల మాట. ఝరాసంగం నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లకు పైనే కాబట్టి రోజూ పోయి రావడం కుదరదు. రూము, తిండి, బస్సు ఛార్జీలు, సొంతంగా కొనుక్కోవాల్సిన కత్తెరలు, మిషన్లు కలిపితే ఖర్చు ఫీజును దాటిపోతుంది. చెరకు, అల్లం, ఆలుగడ్డ పండించే రెండెకరాల రైతుకైనా, కూలికి పోయే తల్లికైనా అది అప్పు చేయక తప్పని చదువు.

అదే పనిని పైసా ఫీజు లేకుండా నేర్పే చోటు జహీరాబాద్ బస్టాండు పరిసరాల్లో ఉంది. ఝరాసంగం సెంటర్లోనూ ఉంది. రెండు కుర్చీలు, ఎదురుగా అద్దం, పక్కన బెంచీ, మూలన నీళ్ల బకెట్. ఈ దేశంలో కటింగ్ నేర్చుకున్నవాళ్లలో అత్యధికులు అలాంటి షాపుల్లోనే నేర్చుకున్నారు. అక్కడ అడ్మిషన్ ఎలా దొరుకుతుందో ఆ తోవన నడిచిన ప్రతి ఇంటికీ తెలుసు.

‘‘అన్నా, పిల్లగాడు పది అయిపోయి ఇంటికాడ ఉత్తగనే ఉంటున్నడు. జర నీ తాన పెట్టుకొని పని నేర్పియ్యరాదె?’’

‘‘పెట్టుకుంట గని, ఆర్నెల్లు పైసల ముచ్చట ఎత్తొద్దు. చాయ్, టిఫిన్ నాది. పండుగకు బట్టలు పెడ్త.’’

ఒప్పందం ఇంతే. కాగితం ఉండదు, సంతకం ఉండదు. ఫీజు లేదు కాబట్టి ఇది ఉచితం అనుకుంటాం. కానీ ఆ ఆరు నెలలు, ఒక్కోచోట ఏడాది, ఆ కుర్రాడు ఇంటికి తెచ్చేది ఏమీ ఉండదు. కూలికి పోతే వచ్చే డబ్బులు రావు. పైగా రోజూ బస్సు ఛార్జీకి ఇంట్లోనే చెయ్యి చాచాలి. పేదింటి పిల్లలు పని సగం నేర్చుకుని మానేయడానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం. బద్ధకమూ, పని మీద ఇష్టం లేకపోవడమూ ఆ తర్వాతి సంగతి.

షాపతని వైపు నుంచి చూసినా లెక్క అంతే కష్టంగా ఉంటుంది. నేర్పుతున్నంతసేపూ ఆయన చెయ్యి ఆగుతుంది. కుర్రాడు చేసిన తప్పును సరిదిద్దాలి, గిరాకీకి సర్దిచెప్పాలి. పని పూర్తిగా వచ్చిన మర్నాడే ఆ కుర్రాడు వీధి చివర సొంత షాపు పెట్టుకుంటే కాదనే హక్కూ లేదు. రెండు కుర్చీల షాపు మీద బతికే మనిషి, తన పోటీదారుణ్ని తానే తయారు చేసుకుంటున్నాడన్నమాట. అయినా తరాలుగా నేర్పుతూనే ఉన్నారు. దానికి వాళ్లకు దక్కిన ప్రతిఫలం ‘ఉస్తాద్’ అనే పిలుపొక్కటే.

కత్తెర కంటే ముందు చీపురు

ఈ బడిలో సిలబస్ ఎక్కడా రాసి ఉండదు గానీ ఒక వరస మాత్రం ఉంటుంది. మొదట చీపురు. రాలిన వెంట్రుకలు ఊడవడం, టవళ్లు ఉతికి ఆరేయడం, దువ్వెనలు కడగడం, గిరాకీ మెడ చుట్టూ గుడ్డ కట్టడం. ఇది వెట్టి చాకిరీలా కనిపిస్తుంది. కొన్ని షాపుల్లో నిజంగా వెట్టి చాకిరీగానే మిగిలిపోతుంది. మంచి ఉస్తాద్ దగ్గర మాత్రం కుర్రాడి కన్ను ఆ రోజుల్లోనే తయారవుతుంది. ఏ తలకు ఎంత సేపు పడుతోంది, గిరాకీ ‘మీడియం’ అన్నప్పుడు మనసులో అనుకున్న పొడవెంత, ఎవరు మాట్లాడించుకుంటారు, ఎవరు కళ్లు మూసుకుని ఊరుకుంటారు... ఇవన్నీ ఊడుస్తూ, గుడ్డ కడుతూ గమనించాల్సినవే.

తర్వాత నురుగు. బ్రష్షుతో గడ్డానికి నురుగు పట్టించడం చిన్న పనే అనిపిస్తుంది. వెంట్రుక మెత్తబడేదాకా తిప్పకపోతే కత్తి లాగుతుంది, చర్మం మండుతుంది. ఆ తర్వాత కత్తి. చాలాచోట్ల మొదటి గిరాకీ ఒక బెలూన్. ఊదిన బెలూన్‌కు నురుగు పూసి, అది పగలకుండా కత్తితో నురుగంతా తీయాలి. కత్తి మరీ నిలబెడితే గీసుకుంటుంది, మరీ పడుకోబెడితే జారిపోతుంది. ముప్పై డిగ్రీల వాలు అని పుస్తకాల్లో ఉంటుంది. ఉస్తాద్ ఆ అంకె చెప్పడు, కుర్రాడి మణికట్టు పట్టుకుని వంచి చూపిస్తాడు. రెండో చెయ్యి ఊరికే ఉండకూడదు, చర్మాన్ని బిగించి పట్టాలి. తెగేది చాలాసార్లు వదులుగా ఉన్న చర్మమేనన్నది చేతికి తెలియడానికి నెలలు పడుతుంది.

ఇక కత్తెర. బొటనవేలు ఒక రింగులో, ఉంగరపు వేలు రెండో రింగులో. కదలాల్సింది బొటనవేలు ఒక్కటే, మిగతా చెయ్యంతా కదలకుండా నిలవాలి. కొత్తవాడి చేతిలో రెండు అంచులూ కదులుతాయి, అందుకే కోత మెట్లు మెట్లుగా వస్తుంది. దీన్ని సరిచేయడానికి వెంట్రుక జోలికి పోనివ్వకుండా రోజుల తరబడి గాల్లోనే కత్తెర ఆడించమంటారు. ఎడమచేతి దువ్వెన జుట్టును లేపుతుంది, కుడిచేతి కత్తెర దాన్ని అంటిపెట్టుకుని పైకి పోతుంది. రెండు చేతుల తాళం కలిసే దాకా పిల్లల తలలు, తమ్ముళ్ల తలలు, ‘ఎట్లయితేంది తియ్యి’ అనే ముసలివాళ్ల తలలే దిక్కు.

నడినెత్తిన సుడి దగ్గర అసలు పరీక్ష. అక్కడ జుట్టు గుండ్రంగా తిరిగి మొలుస్తుంది. మిగతా తల మీద కత్తిరించినంత పొట్టిగా అక్కడా కత్తిరిస్తే నిక్కబొడుచుకుంటుంది. రెండు సుళ్లు ఉన్న తల అయితే మరీ జాగ్రత్త. ఇప్పుడు కుర్రాళ్లందరూ అడిగే ఫేడ్ కటింగ్ ఇంకో మెట్టు. ఒకటో నంబరు గార్డు 3 మిల్లీమీటర్లు, రెండోది 6 మిల్లీమీటర్లు. ఈ రెండింటి మధ్య గీత కనిపించకుండా కలపడమే పనితనం. మిషన్ కొన్నంత మాత్రాన వచ్చేది కాదది.

ఈ వివరాలన్నీ ఎందుకంటే, ఇది పది రోజుల్లో వచ్చే విద్య కాదని చెప్పడానికి. తల వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కటింగ్ చెడితే ఆ మనిషి మూడు నాలుగు వారాలు దాన్ని మోసుకు తిరగాలి. చిన్న ఊళ్లో అయితే ఎవరు చెడగొట్టారో కూడా అందరికీ తెలిసిపోతుంది.

కల్లం గింజల నుంచి నగదు దాకా

నేర్చుకోవడానికి ఎంతవుతుందన్న ప్రశ్న పాత తరాలకు లేదు. తండ్రి పొది విప్పితే కొడుకు పక్కన కూర్చునేవాడు. ఆయగాళ్ల వ్యవస్థలో నాయీబ్రాహ్మణ కుటుంబం ఊరందరికీ ఏడాది పొడవునా క్షౌరం చేస్తే, పంట కాలంలో కల్లం దగ్గర గింజలు కొలిచేవారు. చేసేది క్షౌరం ఒక్కటే కాదు. పెళ్లిలో సన్నాయి, డోలు వాళ్లవే. పుండ్లకు, గడ్డలకు వైద్యం వాళ్లదే. కాన్పు చేసే మంత్రసాని చాలా ఊళ్లలో ఆ ఇంటి ఆడమనిషే. ఇన్ని విద్యలున్న కుటుంబానికి ఊరు ఇచ్చిన గౌరవం మాత్రం అంతంతే. పొద్దున్నే ఎదురొస్తే అపశకునమన్నారు, కులం పేరునే తిట్టుగా వాడారు. మరోవైపు, దళితులకు క్షౌరం చేయనివ్వకుండా ఊరి పెద్దలే కట్టడి చేసిన చరిత్ర కూడా ఈ వృత్తి చుట్టూ ఉంది. దేశంలో అలాంటి ఫిర్యాదులు ఇప్పటికీ ఆగలేదు.

రోడ్డు పక్కన షాపు వెలిశాక ఇందులో కొంత మారింది. డబ్బులిచ్చి కుర్చీలో కూర్చునే హక్కు ఎక్కువమందికి వచ్చింది. అదే సమయంలో విద్య ఇంటి గడప దాటింది. తండ్రి షాపులో కూర్చోవడానికి కొడుకు ఇష్టపడని ఇళ్లు పెరిగాయి. చదువుకున్న పిల్లలు ‘మా నాన్నది సెలూన్’ అని చెప్పుకోవడానికి వెనకాడేలా చేసిన సమాజం, అదే పనికి ‘స్టైలిస్ట్’ అని పేరుపెట్టి ఏసీ గదిలో పెట్టగానే లక్షల ఫీజు కట్టడానికి సిద్ధపడింది. కార్పొరేట్ సెలూన్లు వచ్చి తమ పొట్ట కొడుతున్నాయని నాయీబ్రాహ్మణ సంఘాలు ఆందోళన చేస్తే, అది పోటీకి భయపడటమని కొట్టిపారేయడం తప్పు. ఏ పనిలో తరతరాలుగా చిన్నచూపు భరించారో, అదే పని లాభసాటి కాగానే చేజారిపోతోందన్న బాధ అది. ఈ విద్యను ఇతర కులాల పిల్లలకు నేర్పాలన్నా మొదటి గురువులు వాళ్లే. ఆ గురుత్వానికి ధర కట్టకుండా నేర్పమనడం న్యాయం కాదు.

చట్టం గీసిన గీత

అప్రెంటిస్‌ల కోసం మనకు చట్టం ఉంది. 1961 నాటిది. 2019లో సవరించిన నిబంధనలు, పదో తరగతి పాసైన అప్రెంటిస్‌కు నెలకు కనీసం రూ.6,000 స్టైపెండ్ ఇవ్వాలన్నాయి. రెండో ఏడాది అది పెరగాలి. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద ఆ స్టైపెండ్‌లో పావు వంతు, గరిష్ఠంగా రూ.1,500 దాకా కేంద్రం భరిస్తుంది. ముప్పై మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లను పెట్టుకుని తీరాలి. నలుగురి నుంచి ఇరవై తొమ్మిది మంది వరకు ఉన్నచోట అది యజమాని ఇష్టం.

మరి నలుగురి కంటే తక్కువ మంది ఉన్నచోట? అలాంటి షాపు ఈ చట్టం పరిధిలోకే రాదు. ఝరాసంగం సెలూన్‌లో ఉస్తాద్, ఇంకొక పనివాడు, నేర్చుకునే కుర్రాడు. చట్టం లెక్కలో అది సంస్థే కాదు. అక్కడ నేర్చుకుంటున్నవాడు అప్రెంటిస్ కాడు, అతనికి స్టైపెండ్ లేదు, చివర్లో సర్టిఫికెట్ లేదు.

జహీరాబాద్‌లోనే మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉంది. అంత పెద్ద పరిశ్రమలో బోల్టు బిగించడం నేర్చుకునే కుర్రాడికి చట్టం అండ దొరుకుతుంది. దొరకాలి కూడా. అదే పట్టణంలో, అదే వయసున్న కుర్రాడు కత్తెర పట్టడం నేర్చుకుంటే ఏ అండా లేదు. ఫ్యాక్టరీని చూసి రాసిన చట్టం అది. పల్లెల్లో, చిన్న పట్టణాల్లో చేతి పనులు నేర్పేది ఒక్క మనిషి నడిపే షాపేనన్న సంగతిని ఇన్నేళ్లూ పట్టించుకోలేదు.

పథకాలు లేవా అంటే ఉన్నాయి. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మలో పద్ధెనిమిది చేతివృత్తులుంటే, క్షౌరవృత్తి అందులో ఒకటి. వారం లోపు, అంటే నలభై గంటల ప్రాథమిక శిక్షణ. ఆ రోజుల్లో రోజుకు రూ.500 భత్యం. పనిముట్ల కోసం రూ.15,000. తాకట్టు లేకుండా మొదట లక్ష, తర్వాత రెండు లక్షల రుణం, 5 శాతం వడ్డీకి. కామన్ సర్వీస్ సెంటర్‌లో నమోదు చేసుకుంటే ముందు గ్రామ పంచాయతీ స్థాయిలో పరిశీలన జరుగుతుంది. చిన్న షాపు ఉన్నవాళ్లు వదులుకోకూడని పథకం ఇది. అయితే ఇది ఇప్పటికే ఆ వృత్తిలో ఉన్నవాళ్ల కోసం. పని వచ్చినవాడికి మెరుగులు దిద్దుతుంది. పని రానివాడికి తలుపు తెరవదు. పైగా పద్ధెనిమిదేళ్లు నిండాలి, ఇంటికి ఒక్కరికే.

రాష్ట్రం చేసిన సాయాలూ షాపు పెట్టుకున్నవాళ్లనే చేరాయి. 2021 ఏప్రిల్ 1 నుంచి తెలంగాణలో సెలూన్లకు నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితం. 2023లో బీసీ కులవృత్తుల వారికి తిరిగి కట్టనక్కర్లేని లక్ష రూపాయల సాయం ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన జగనన్న చేదోడు, షాపున్న నాయీబ్రాహ్మణులకు ఏడాదికి రూ.10,000 ఇచ్చింది. అన్నీ అవసరమైనవే. వీటిలో ఏదీ ‘నువ్వు ఇంకొకరికి నేర్పితే ఇంత ఇస్తాం’ అనలేదు.

ముప్పై రోజులు ఉచితం, ఆ తర్వాత?

ఇంతలో ఆశ పెట్టుకోదగిన చోటు ఒకటుంది. గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ. అందరూ ఆర్‌సెటీ అంటారు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల ట్రస్టు, సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు కలిసి పెట్టిన సంస్థ దీనికి మూలం. ఆ నమూనాలో జిల్లాకొకటి చొప్పున బ్యాంకులు నడుపుతున్నాయి. శిక్షణ, బస, భోజనం అన్నీ ఉచితం. వీటి కోర్సుల్లో పురుషుల సెలూన్ పని ఉంది, బ్యూటీ పార్లర్ నిర్వహణ ఉంది. నెల రోజుల వ్యవధి. కోర్సు పూర్తయ్యాక బ్యాంకు రుణానికి దారి చూపిస్తారు, కొంతకాలం వెంట ఉండి కనుక్కుంటారు. ఝరాసంగం నుంచి పని నేర్చుకోవాలనుకునే పద్ధెనిమిదేళ్లు దాటిన ఎవరైనా అకాడమీకి ఫోన్ చేసేముందు జిల్లా ఆర్‌సెటీలో తర్వాతి బ్యాచ్ ఎప్పుడో కనుక్కోవాలి. మండలంలో మహిళా సంఘాల పని చూసే ఐకేపీ సిబ్బందిని అడిగినా తెలుస్తుంది.

షాపులో దొరకని కొన్ని సంగతులు ఈ తరగతి గదిలో దొరుకుతాయి. హెయిర్ డైలో ఉండే పారాఫినైలిన్ డయామీన్ కొందరికి తీవ్రమైన అలర్జీ తెస్తుందని, రంగు వేయడానికి రెండు రోజుల ముందు చెవి వెనుకో మోచేతి మడతలోనో కొద్దిగా రాసి చూడాలని చాలామంది ఉస్తాద్‌లకు ఎవరూ చెప్పలేదు. డెవలపర్ సీసా మీద 20 వాల్యూమ్ అని ఉంటే అందులో 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్నట్టు. ఆ లెక్క తెలియకపోతే మాడు కాలుతుంది. మనిషి మనిషికీ బ్లేడు మార్చకపోతే హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ ముప్పు. ఇలాంటివి కళ్లతో చూసి వచ్చే విద్యలు కావు.

అలాగని ముప్పై రోజుల్లో చెయ్యి తిరగదు. జర్మనీలో కటింగ్ పని నేర్చుకోవడానికి మూడేళ్లు. వారంలో కొన్ని రోజులు సెలూన్‌లో, మిగతావి వృత్తి పాఠశాలలో. నేర్చుకుంటున్న కాలమంతా జీతం. 2020 జనవరి నుంచి అక్కడ అప్రెంటిస్‌లందరికీ కనీస భత్యం చట్టమైంది. మొదట అది తొలి ఏడాదిలో నెలకు 515 యూరోలు, తర్వాత పెరుగుతూ వచ్చింది. నేర్పే యజమానికి మైస్టర్ అనే అర్హత ఉంటుంది, ఊరి మూల నడిపే చిన్న సెలూన్ కూడా అప్రెంటిస్‌ను తీసుకోవచ్చు. మన ఉస్తాద్ చేసేదీ అదే పని. తేడా ఎక్కడంటే, అక్కడి ప్రభుత్వం ఆ సంబంధాన్ని కాగితం మీద పెట్టింది.

ఫీజు కట్టలేని ఇబ్బంది మన పల్లెలదే అనుకోనక్కర్లేదు. ప్రపంచంలో జుట్టు కత్తిరించే పద్ధతినే మార్చేసిన విడాల్ ససూన్ 1928లో లండన్‌లో పుట్టాడు. పేదరికం వల్ల చిన్నతనంలో ఏళ్లపాటు అనాథాశ్రమంలో గడిపాడు. పద్నాలుగేళ్లప్పుడు, 1942లో, యుద్ధం నడుస్తుండగా తల్లి అతణ్ని వైట్‌చాపెల్‌లో అడాల్ఫ్ కోహెన్ అనే ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్లింది. పని నేర్పడానికి ఆయన అడిగింది వంద గినీలు, అంటే 105 పౌండ్లు. అంత డబ్బు ఆ తల్లి కలలో కూడా చూడలేదు. వెనుదిరిగి పోతుంటే, ఆ కుర్రాడు తల్లి కోసం తలుపు తీసి పట్టుకున్న మర్యాద చూసి కోహెన్ మనసు మార్చుకుని, డబ్బు లేకుండానే చేర్చుకున్నాడు. తర్వాతి కథ ప్రపంచానికి తెలుసు. నాకు మాత్రం ఈ కథలో ససూన్ కంటే కోహెన్ గురించి ఎక్కువ ఆలోచించాలనిపిస్తుంది. ఒక ఉస్తాద్ దయ మీద ఒక విద్య ఆధారపడింది. దయ చూపలేని పరిస్థితిలో ఉన్న ఉస్తాద్‌ల వాకిళ్ల నుంచి ఎంతమంది పిల్లలు వెనక్కి పోయి ఉంటారో!

ఆడపిల్ల అడిగితే

ఇదే ప్రశ్న ఆడపిల్ల అడిగితే దారులు కొన్ని తెరుచుకుంటాయి, కొన్ని మూసుకుపోతాయి. బ్యూటీ పార్లర్ వైపు శిక్షణ ఎక్కువ. హైదరాబాద్‌లో 1978 నుంచి ఉన్న సెట్విన్ తక్కువ ఫీజుతో బ్యూటీషియన్ కోర్సు నడుపుతోంది. ఐటీఐల్లో కాస్మెటాలజీ ఏడాది కోర్సు, పది పాసైతే చాలు, పద్ధెనిమిది నిండే దాకా ఆగనక్కర్లేదు. కాకపోతే ఆ ట్రేడు అన్ని ఐటీఐల్లో ఉండదు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఛార్జీ లేదు కాబట్టి, ఝరాసంగం నుంచి జహీరాబాద్‌కో సంగారెడ్డికో పోయి నేర్చుకునే అమ్మాయికి ప్రయాణ ఖర్చు తప్పింది. ఆ ఒక్క పథకం ఎంతమంది ఆడపిల్లల వృత్తి చదువును నిలబెడుతోందో ఎవరైనా లెక్క తీయాలి.

మగవాళ్ల సెలూన్‌లో కుర్చీ వెనుక నిలబడతానంటే మాత్రం ఇల్లూ వాడా ఒప్పుకోవు. తిరుమల కల్యాణకట్టలో మహిళా క్షురకులు రోజూ తలనీలాలు తీస్తున్నా సరే. ఉత్తరప్రదేశ్‌లోని బన్వారీటోలా అనే పల్లెలో, తండ్రి జబ్బు పడితే జ్యోతి, నేహా అనే అక్కాచెల్లెళ్లు షాపు నడపడానికి జుట్టు కత్తిరించుకుని, మగపిల్లల బట్టలు వేసుకోవాల్సి వచ్చింది. 2019లో సచిన్ తెందూల్కర్ వాళ్ల చేత గడ్డం గీయించుకున్న ఫొటో దేశమంతా చూసింది. వాళ్లకు విద్య నేర్పింది ఏ అకాడమీ? తండ్రి కుర్చీయే.

ఝరాసంగం మండలంలో ఇలాంటి తెగువ కొత్త కాదు. ఈ మండలంలోని మాచ్‌నూర్ నుంచే 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలైంది. పెద్దగా చదువుకోని దళిత మహిళలు మైకు ముందు కూర్చుని, మిక్సర్ మీటలు నొక్కి, ఎడిటింగ్ చేసి దేశంలో ముందువరసలో నిలిచిన కమ్యూనిటీ రేడియోను నడిపారు. పనిచేస్తూనే నేర్చుకున్నారు, పక్కన ఉండి నేర్పినవాళ్లు ఉన్నారు కాబట్టి.

ఇక్కడే, ఇప్పుడే

జహీరాబాద్ ప్రాంతం మారిపోతోంది. జాతీయ పెట్టుబడులు, తయారీ మండలి కోసం ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల్లో 12,635 ఎకరాలు అనుకున్నారు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పన్నెండు పారిశ్రామిక స్మార్ట్ సిటీల్లో జహీరాబాద్ ఒకటి. అంచనా వ్యయం రూ.2,361 కోట్లు. భూములిచ్చిన ఊళ్లలో ఈ ప్రాజెక్టు పేరు వింటే ఆశతో పాటు గుబులూ ఉంది. ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు స్థానికులకు ఎన్ని వస్తాయో కాలమే చెప్పాలి. వేలమంది కార్మికులు వస్తే మాత్రం వాళ్లందరికీ నెలకోసారి కటింగ్ కావాలి, రెండు మూడు రోజులకోసారి గడ్డం తీయాలి. ఆ పనికి భూమి అక్కర్లేదు, పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. పని వచ్చిన చేతులు కావాలి. అవి ఈ మండలం పిల్లలవే అయితే ఎంత బాగుంటుంది!

దానికి కొత్త భవనాలు కట్టనక్కర్లేదు. ఆర్‌సెటీలో నెల రోజులు, ఆ తర్వాత ఊరి సెలూన్‌లో పదకొండు నెలలు. ఈ రెండింటినీ ఒకే శిక్షణగా కలిపితే చాలు. నేర్చుకునేవాళ్లకు స్టైపెండ్, నేర్పే ఉస్తాద్‌కు నెలనెలా గౌరవ వేతనం, చివర్లో జిల్లా స్థాయిలో పరీక్ష, సర్టిఫికెట్. ఉస్తాద్‌లను ఎక్కడ వెతకాలన్న బెంగ లేదు. ఉచిత కరెంటు కోసం దరఖాస్తు చేసుకున్న సెలూన్ల జాబితా ప్రభుత్వం దగ్గర ఊరూపేరుతో సహా ఉంది. నలుగురు పనివాళ్లు ఉండాలన్న నిబంధనను కేంద్రం సడలించేదాకా ఆగాల్సిన పని కూడా లేదు, రాష్ట్రం తన సొంత పథకంగా మొదలుపెట్టవచ్చు. 2024లో ఏర్పాటైన యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీకి ఆ ఏడాదే ఆనంద్ మహీంద్రాను చైర్మన్‌గా నియమించారు. జహీరాబాద్‌లో ట్రాక్టర్లు తయారుచేస్తున్న గ్రూపు ఆయనదే. ఆ యూనివర్సిటీ సర్టిఫికెట్ ఒకటి ఝరాసంగం సెలూన్ గోడకు వేలాడకూడదా?

పదిహేను, పదహారేళ్ల పిల్లల సంగతి జాగ్రత్తగా చూడాలి. ఆర్‌సెటీ, విశ్వకర్మ రెండూ పద్ధెనిమిది నిండాలంటాయి. పది పాసయ్యాక ఆ రెండు మూడేళ్లు, ఐటీఐ సీటు అందనివాళ్లకు షాపు తప్ప వేరే దారి లేదు. దోపిడీ జరిగేది ఆ వయసులోనే. రోజుకు ఎన్ని గంటలు, వారానికి ఎన్ని రోజులు, ఎన్ని నెలల తర్వాత కమీషన్ మొదలవుతుంది అన్నవి కాగితం మీద రాసుకోవాలి. పంచాయతీ కార్యదర్శి ఎదుట తండ్రీ ఉస్తాదూ సంతకం చేస్తే ఇద్దరికీ రక్షణే. తల్లిదండ్రులు ఈ సంగతి మొదటి రోజే అడగాలి. మొహమాటపడి ఊరుకుంటే ఆర్నెల్లు రెండేళ్లవుతాయి.

ఇక సాధనకు తలలు. కటింగ్ నేర్చుకునేవాళ్లకు అన్నిటికంటే కరువైనవి అవే. అకాడమీల్లో ప్లాస్టిక్ తలలకు విగ్గులు తొడిగి నేర్పుతారు, వాటికీ డబ్బే. జహీరాబాద్ నియోజకవర్గంలో ఎస్సీ, బీసీ హాస్టళ్లు, గురుకులాలు ఉన్నాయి. వాటిలో నెలనెలా కటింగ్ అవసరమైన వందలమంది పిల్లలున్నారు. మంగళవారం సెలూన్లకు సెలవు. ఆ రోజు ఉదయం ఇద్దరు ఉస్తాద్‌లు, నేర్చుకుంటున్న ఓ పదిమంది కలిసి హాస్టల్‌కు వెళితే, బడి గంట కొట్టేలోగా చాలా తలల పని అయిపోతుంది. పిల్లల కటింగ్ ఖర్చు కింద ప్రభుత్వం ఇచ్చే డబ్బులు నేర్చుకునేవాళ్లకే అందుతాయి, ఉస్తాద్ పక్కన ఉంటాడు కాబట్టి కటింగ్ చెడినా అప్పటికప్పుడు సరిదిద్దుతాడు. కలెక్టర్ అనుమతి, వార్డెన్ సహకారం, నాయీబ్రాహ్మణ సంఘం ఒప్పుకోలు, ఈ మూడూ ఉంటే వచ్చే మంగళవారమే మొదలుపెట్టవచ్చు.